మూరెడు ఫిలిం

(స్వర్ణోత్సవాల రెండో రోజు ఉదయం సభలో చేసిన ప్రసంగం. సంపాదకులు కోరినట్టు మాట్లాడింది మాట్లాడినట్టే ఉంచాను. తడబడిన చోట్ల మాత్రం సరిచేశాను.)

మా సైన్సు మాస్టారు ముందు వరసలో కూర్చున్నారు. ఆయనకు నేనొక లెక్క అప్పజెప్పాల్సి ఉంది. నలభై ఏళ్లు ఆలస్యమైంది. చివర్లో అప్పజెబుతాను.

సంఘం కార్యదర్శి ఫోన్ చేసి, ‘ఇంజనీరువి గదా, పిల్లలకు ఉద్యోగాల గురించి నాలుగు మాటలు చెప్పు’ అన్నాడు. ఉద్యోగాల గురించి నాకంటే బాగా చెప్పేవాళ్లు ఈ హాల్లోనే పదిమంది ఉన్నారు, నేను సినిమా గురించి మాట్లాడతానన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు. ‘సినిమా అంటే... హీరోల గురించా?’ అన్నాడు. కాదు, ఒక బొమ్మకీ ఇంకో బొమ్మకీ మధ్య ఉండే అతుకు గురించి అన్నాను. ‘సరేలే, ఇరవై నిమిషాలే’ అన్నాడు. అందుకని త్వరగా విషయంలోకి వస్తాను.

సినిమా అంటే ముక్కల అతుకు. ఒక షాటు అయిపోయి ఇంకో షాటు మొదలయ్యే చోటు ఒకటుంటుంది. ఆ చోట ఎడిటర్ ఏం చేశాడన్న దాన్నిబట్టి చూసేవాడి మనసు ఒక్కో రకంగా నడుస్తుంది. మార్కాపురం వాళ్లకు దీన్ని చెప్పడం తేలిక, మనకు పలక తెలుసు గనక. కట్ అంటే చేతిలో పలక పక్కన పెట్టి, వేరే రాసి ఉన్న పలక తీసుకోవడం. ఫేడ్ అంటే పలకంతా తడిగుడ్డతో తుడిచి, నల్లగా ఆరనిచ్చి, మళ్లీ మొదటినుంచి రాయడం. వైప్ అంటే గుడ్డ ఒక పక్కనుంచి తుడుచుకుంటూ పోతుంటే దాని వెనకే కొత్త అక్షరాలు రావడం. ఇక డిజాల్వ్ ఉందే, అది మనలో చాలామంది చేసి దెబ్బలు తిన్న పని. సరిగా తుడవని పలక. కింద నిన్నటి ‘అమ్మ’ కనపడుతూనే ఉంటుంది, దాని మీద ఇవాళ్టి ‘ఆవు’ రాస్తాం. కాసేపు రెండూ ఉంటాయి.

ఫేడ్ సంగతి నాకు సినిమా కంటే ముందు రైలు నేర్పింది. మార్కాపూర్ రోడ్‌లో నంద్యాల వైపు మీటర్ గేజి బండి ఎక్కి, కంభం, గిద్దలూరు దాటి, దిగువమెట్ట తరవాత నల్లమలలో పడితే సొరంగం వస్తుంది. పిల్లలందరం ఒకటే అరుపు. పెట్టెంతా చీకటి. మళ్లీ వెలుగొచ్చేసరికి అదే అడివి, అవే చెట్లు, కానీ ఏదో ఊరు మారిపోయినట్టు, పెద్ద ప్రయాణం చేసినట్టు అనిపించేది. చీకటికి ఆ గుణం ఉంది. తెర నల్లబడి మళ్లీ వెలిగితే మధ్యలో చాలా కాలమో, చాలా దూరమో గడిచిందని మనసు తనంతట తానే లెక్క వేసుకుంటుంది. ఎవరూ చెప్పక్కర్లేదు.

జంప్ కట్ అని ఇంకోటి ఉంది. మనిషి అక్కడే ఉంటాడు, మధ్యలో కొంత ముక్క ఎగిరిపోతుంది. 1960లో గొదార్ అనే ఫ్రెంచి దర్శకుడు ‘బ్రెత్‌లెస్’ సినిమాలో దీన్ని కావాలని వాడి ప్రపంచాన్ని ఉలిక్కిపడేట్టు చేశాడంటారు. మనం ఉలిక్కిపడం. మా నాన్న పుట్టింది కర్నూలు జిల్లాలో. 1970లో మార్కాపురం, గిద్దలూరు తాలూకాలను తెచ్చి కొత్త ఒంగోలు జిల్లాలో కలిపారు గనక నేను పుట్టింది ఒంగోలు జిల్లాలో. 1972లో పేరు మారింది గనక బళ్లో చేరేటప్పుడు రాసింది ప్రకాశం జిల్లా. ఇల్లు అదే, అరుగు అదే.

ఇంతకీ మా అవ్వలాంటి వాళ్లకు సినిమా ఎట్లా అర్థమైందన్నది నాకు చాలాకాలం పట్టిన అనుమానం. అక్షరం రాదు, అరవై దాటాక గానీ సినిమా చూడలేదు. ఒక క్షణం రాజుగారి కొలువు, మరుక్షణం అడివి. ఎవరు ఎక్కడికి ఎప్పుడు పోయారో ఎవరూ చెప్పరు. అయినా ఆమె తికమకపడలేదు. తరవాత ఆలోచిస్తే తెలిసింది, ఆమె అప్పటికే అరవై ఏళ్లుగా కట్లు వింటోంది. బుర్రకథలో, హరికథలో ‘ఇక్కడ ఇట్లుండగా, అక్కడ లంకలో...’ అంటారు చూడండి, అదే కట్. రెండుచోట్ల ఒకేసారి జరిగేదాన్ని మార్చి మార్చి చూపడం అమెరికాలో గ్రిఫిత్ గొప్పగా చేశాడని పుస్తకాల్లో ఉంటుంది. మన హరిదాసు చిడతలతో చేసేవాడు. తోలుబొమ్మలాటలో ఒక ఘట్టానికీ ఇంకో ఘట్టానికీ మధ్య కేతిగాడూ బంగారక్కా వచ్చి నవ్వించి పోతారు. అదీ అతుకే. ఏడ్చిన కళ్లు ఆరడానికి టైమివ్వడం.

ఈ అనుమానం నా ఒక్కడిదే కాదు. స్టెఫాన్ ష్వాన్ అనే జర్మన్ శాస్త్రవేత్త, సెర్మిన్ ఇల్దిరార్ అనే టర్కీ ఆవిడ కలిసి దక్షిణ టర్కీ కొండ పల్లెల్లో అంతవరకూ సినిమా, టీవీ చూడని పెద్దవాళ్లకు చిన్న చిన్న సినిమా ముక్కలు చూపించి, ఏం అర్థమైందని అడిగారు. 2010లో ఆ పరిశోధన అచ్చయింది. వాళ్లకు తెలిసిన పని ఒకటి ఆ ముక్కల మధ్య దారంలా నడుస్తుంటే కట్లు అడ్డం రాలేదు. అలాంటి దారం లేనిచోట మాత్రం, మనకు ‘ఇదేముంది’ అనిపించే అతుకులు కూడా వాళ్లకు అతుకులుగా కనపడలేదు, విడి విడి బొమ్మలుగానే మిగిలాయి. అది చదివినరోజు మా చిన్నవ్వ గుర్తొచ్చి రాత్రి నిద్రపట్టలేదు. ఆమె సంగతికి వస్తాను.

మన సినిమాలు చూడండి. ‘మాయాబజార్’, 1957. చిన్న శశిరేఖ పెద్దదవ్వాలి. కె.వి.రెడ్డి గారు ఆమె నీడను నీళ్లలో చూపిస్తారు. ఆ నీళ్లలోంచి సావిత్రి వస్తుంది. నీళ్లు కదులుతాయి గనక బొమ్మ మారడం మనకు వింతగా ఉండదు, ఏళ్లు అట్లా పారిపోయాయనిపిస్తుంది. కెమెరా మార్కస్ బార్ట్‌లీ. ఈ రోజుల్లో కంప్యూటర్‌లో ఒక మీట నొక్కితే వచ్చే డిజాల్వ్ ఆ రోజుల్లో ఎంత పనో చెబుతాను. ఒక పద్ధతి కెమెరాలోనే. షాటు చివర వెలుగు మెల్లగా తగ్గించుకుంటూ పోయి మూసేస్తారు, ఫిలింను లెక్కపెట్టి వెనక్కి తిప్పుతారు, రెండో షాటును అదే ఫిలిం మీద మెల్లగా తెరుస్తూ తీస్తారు. ఎక్కడ తప్పినా రెండు షాట్లూ పోయినట్టే. రెండో పద్ధతి ల్యాబులో, ఆప్టికల్ ప్రింటర్ మీద. అప్పుడు ఆ ముక్క ఒకసారి ఎక్కువ కాపీ అవుతుంది, కాబట్టి బొమ్మ కొంచెం గరుకుగా వస్తుంది. పాత సినిమాల్లో డిజాల్వ్ రాబోయే ముందు తెర ఒక్కసారి మసకేసినట్టవుతుందే, అదే కారణం. నేల టిక్కెట్టు వాడికి ఆప్టికల్ ప్రింటర్ తెలియదు. అయినా ఆ మసక చూసి ‘ఇంక సీను మారుద్దిరా’ అని కాళ్లు సర్దుకునేవాడు.

ఫ్లాష్‌బ్యాక్ అనే మాటకు మన జనం పెట్టుకున్న పేరు ఇంకా బాగుంటుంది. ‘రింగులు తిరగడం’. ముసలాయన శూన్యంలోకి చూస్తాడు, తెర మీద రింగులు రింగులుగా తిరుగుతాయి, ఆయన యవ్వనంలోకి పోతాం. ఇప్పుడు రింగులు లేవు. 1964లో ‘మూగమనసులు’లో గోదావరి సుడిగుండం దగ్గర పడవలో పెళ్లికొడుకు కలవరపడాలి, తరవాత ముసలి గౌరి కూర్చుని కథ చెప్పాలి, అప్పుడు గాని మనం పోయిన జన్మలోకి వెళ్లం. 2009లో ‘మగధీర’లో వేలికి వేలు తగిలితే చాలు, కళ్లు మూసి తెరిచేలోగా నాలుగొందల ఏళ్లు వెనక్కి. ఎడిటర్ కోటగిరి వెంకటేశ్వరరావు గారు. రెండూ బాగా ఆడాయి. నలభై అయిదేళ్లలో పునర్జన్మ నమ్మడం పెరిగిందని కాదు, జనానికి అతుకు చదవడం వచ్చింది. మన పాటల సంగతే తీసుకోండి. హీరోయిన్ వీధి కుళాయి దగ్గర బిందె పట్టుకుని ఉంటుంది, కట్, స్విట్జర్లాండు మంచులో ఉంటుంది. మన ఆరేళ్ల పిల్లాడు కూడా ‘బిందె ఏమైంది?’ అని అడగడు. నా దగ్గర పనిచేసిన ఒక జపాన్ కుర్రాడికి ఇది చూపిస్తే, వాళ్లు అక్కడికి ఎప్పుడు వెళ్లారని రెండుసార్లు అడిగాడు.

చూసేవాడి తలకాయలో ఏం జరుగుతుందని పరీక్షించినవాళ్లు ఉన్నారు. అందరికంటే ముందు రష్యాలో కులెషోవ్. వందేళ్ల కిందటి మాట. ఒక నటుడి మొహం షాటు ఒక్కటే తీసుకుని, ఒకసారి దాని పక్కన సూపు గిన్నె, ఒకసారి శవపేటిక అతికించి చూపించాడట. మొహం మారలేదు. జనం మాత్రం ఆకలి నటించాడు, దుఃఖం నటించాడని మెచ్చుకున్నారని చెబుతారు. మన టీవీ సీరియళ్లు బతికేదే దీని మీద. అత్తగారు ఒక్క మాట అంటుంది, ఇక వరసగా ఆరుగురి మొహాలు, ఒక్కో దానికి ఒక్కో ఉరుము. వాళ్లేమీ చెయ్యరు, మనమే లోపల అంతా చేసుకుంటాం.

2008లో ఎడిన్‌బరోలో స్మిత్, హెండర్సన్ అనే ఇద్దరు ఇంకో పని చేశారు. కట్ కనపడినప్పుడల్లా మీట నొక్కండని చెప్పి సినిమా ముక్కలు చూపించారు. చూసేవాళ్ల పనే అది, వేరే పని లేదు. అయినా ఒక కదలిక మధ్యలో, అంటే మనిషి కుర్చీలో కూర్చుంటుండగా వేసిన కట్లలో దాదాపు మూడో వంతు వాళ్లకు కనపడనేలేదు. చెయ్యి ఎటు పోతుందో చూస్తున్న కంటికి అతుకు దొరకదు. ‘అపోకలిప్స్ నౌ’కి ఎడిటింగ్ చేసిన వాల్టర్ మర్చ్ ఈ సంగతిని కనురెప్పతో పోల్చాడు. మనం ఒక ఆలోచన ముగిసినచోట రెప్ప వేస్తాం, మంచి కట్ కూడా అక్కడే పడుతుందని ఆయన వాదన. కట్ ఎక్కడ వెయ్యాలో తేల్చడానికి ఆయన మార్కులు కూడా వేశాడు. ఆ క్షణపు ఉద్వేగానికి నూటికి 51, కథకు 23, లయకు 10. కంటికి సంబంధించిన లెక్కలన్నిటికీ కలిపి మిగిలింది 16. నాలాంటి ఇంజనీర్లు ఆ 16 కోసమే జీతం తీసుకుంటాం. 2009లో జపాన్‌లో కొందరు శాస్త్రవేత్తలు మిస్టర్ బీన్ చూపించి జనం రెప్పలు లెక్కపెడితే, ఎక్కడెక్కడో కూర్చుని చూసినవాళ్లు కూడా చాలావరకు ఒకే చోట రెప్ప వేశారని తేలింది. కథలో ఒక పని పూర్తయిన చోట.

సరే. ఇప్పుడు మూరెడు ఫిలిం.

1984 ఎండాకాలం సెలవులు. మా ఊరికి డేరా హాలు వచ్చింది. టూరింగ్ టాకీస్. ఒకటే ప్రొజెక్టర్, కాబట్టి రీలు అయిపోగానే లైట్లు వేసేవాళ్లు. రెండో రీలు ఎక్కించేలోగా సోడాలు, వేరుశనక్కాయలు, ఒక పోట్లాట. ఆపరేటర్‌కు ముప్పై ఏళ్లుంటాయేమో. మేం అన్నా అనేవాళ్లం. ఆయన దగ్గర రీళ్లు వెనక్కి చుట్టే పని నాది. కూలి లేదు, సినిమా ఉచితం, మా అవ్వకు కూడా. పైగా తెగిన ఫిలిం ముక్కలు.

ఆ ముక్కల విలువ ఇక్కడ నా వయసు వాళ్లకు చెప్పక్కర్లేదు. పిల్లలకు చెప్పాలి. మాడిపోయిన బల్బు మూతి పగలగొట్టి, లోపలి తీగ తీసేసి, నీళ్లు పోసి దాని ముందు ఫిలిం పెట్టి, వాకిట్లోంచి అద్దంతో ఎండ కొడితే, చీకటి గదిలో గోడ మీద ఎన్టీఆర్! తలకిందులుగా ఉంటాడు, అది వేరే సంగతి. హీరో ముక్క ఒకటికి ఇతరుల ముక్కలు మూడు. ఫైటింగు ముక్కకు బలపాల పెట్టె. అన్నిటికంటే ఖరీదైంది, మా హాస్టల్లో ఇద్దరి దగ్గరే ఉన్నది, ‘రెండు మొహాల ముక్క’. ఒకే బొమ్మలో ఒకరి మీద ఒకరు ఇద్దరు మనుషులు. దాన్ని డిజాల్వ్ అంటారని మాకు తెలియదు. దేవుడు కనపడ్డంత పని.

ఆ వారం ఆడిన సినిమా పేరు చెప్పను. అందులో తల్లి చచ్చిపోయిన పిల్లాడు చెరువు నుంచి కావడి మోసుకుంటూ కట్ట ఎక్కుతాడు. ఎక్కుతూ ఎక్కుతూ మొహం కరిగి పెద్దవాడవుతాడు. కావడి అదే. నీళ్ల కోసం మైళ్లు నడిచే మా ఊళ్లో ఆ సీనుకు ఎవరూ మాట్లాడేవాళ్లు కాదు. మొదటిరోజు మా అవ్వ చూసి, ‘కావడి మోసీ మోసీ పెద్దోడయినాడు పాపం’ అంది. అంతే అంది.

రెండో రోజు మధ్యాహ్నం అన్న అన్నానికి పోయినప్పుడు ఆ రీలు నా చేతిలో ఉంది. వెలుతురుకు పట్టి వెతికి, పిల్లాడి మొహం మీద పెద్దవాడి మొహం ఉన్న చోట బ్లేడు పెట్టాను. మోచేతి నుంచి వేలి కొస దాకా, మూరెడు. తరవాత అంచు గీకి, ఫిలిం సిమెంట్ రాసి, నొక్కిపట్టి అతికించాను. ఆ పని అన్నే నేర్పాడు. మంచి అతుకు పడింది. నా జీవితంలో నేను చేసిన మొదటి ఎడిటింగ్ అది.

ఆ రాత్రి మా అవ్వ తన చెల్లెల్ని, పక్కూరి చిన్నవ్వను వెంటబెట్టుకొచ్చింది. చిన్నవ్వకు అదే మొదటి సినిమా. కట్ట మీదికి పిల్లాడు ఎక్కుతున్నాడు, టక్కున పెద్దవాడు. పాట కూడా ఎగిరింది. ఫిలిం అంచున ఉండే శబ్దం బొమ్మకంటే సుమారు 20 ఫ్రేములు ముందుగా అచ్చయి ఉంటుంది గనక అది ఒక చోట, బొమ్మ ఒక చోట గెంతాయి. డేరాలో ఈలలు. చిన్నవ్వ గట్టిగా అడిగింది: ‘ఆ పిలగాడు యాడికి పోయినాడే? వీడెవడో కావడి గుంజుకున్నాడే!’

మా అవ్వ, ‘వాడే వీడు. పెద్దోడయినాడు’ అంది.

‘యాడ పెద్దోడయినాడు? ఇప్పుడే గదా ఈడుండె!’

సినిమా అయిపోయేదాకా చిన్నవ్వ ఆ కావడి దొంగను నమ్మలేదు. వాడు కథానాయకుడు, న్యాయం కోసం పోరాడుతున్నాడు, అయినా ఆమెకు వాడు పసిబిడ్డ దగ్గర కావడి లాక్కున్నవాడే. చివర్లో వాడికి పెళ్లయితే ఆమె మొహం చిట్లించుకుంది. ఇంటికి నడుస్తూ మా అవ్వ, ‘నిన్న ఆ మొగం మింద ఈ మొగం వచ్చింది. ఈ పొద్దు రాలా’ అంది. ఎవరితో అన్నదో చీకట్లో తెలియలేదు.

పొద్దున డేరా యజమాని మనిషి వచ్చాడు. రీలు తీసి చూశారు. తెగిన ఫిలిం అయితే అంచు చిరిగి ఉంటుంది, పళ్ల రంధ్రాలు పగిలి ఉంటాయి. ఇక్కడ అతుకు తిన్నగా, శుభ్రంగా ఉంది. అట్లా అతికించడం ఆపరేటర్‌కు తప్ప ఊళ్లో ఎవరికొస్తుంది? పిల్లలకు ముక్కలు అమ్ముకుంటున్నాడన్నారు. ఆయన ఒక్క ముక్క అమ్మినవాడు కాదు, అన్నీ ఊరికే ఇచ్చాడు. రెండు వారాల జీతం పట్టుకుని పొమ్మన్నారు. మధ్యాహ్నం గిద్దలూరు బస్సుకు రేకు పెట్టెతో నిలబడ్డాడు. నేను మా అరుగు మీద ఉన్నాను. ముక్క నా నిక్కరు జేబులో ఉంది. ఆయన నన్ను చూసి చెయ్యి ఊపాడు. ఆయనకు తెలుసో తెలియదో ఇప్పటికీ నాకు తేలలేదు. నాకు తప్ప ఆ అతుకు ఇంకెవరికీ నేర్పలేదు గనక తెలిసే ఉంటుంది.

రాత్రి అన్నం పెడుతూ అవ్వ, ‘ఆ మొగం నీ కాడుందా?’ అని అడిగింది. లేదన్నాను. ఇంకో ముద్ద పెట్టింది.

మాస్టారూ, జూన్‌లో బడి తెరిచాక మీరు కాంతి పాఠం చెబుతూ బల్బు, అద్దం తెమ్మన్నారు. నేను ఈ ముక్క తెచ్చాను. మీరు కిటికీ దగ్గర పట్టుకుని చాలాసేపు చూశారు. పై బొమ్మలో పిల్లాడు ఎక్కువ, కింద బొమ్మలో పెద్దవాడు ఎక్కువ, ఒక్కో గడికి ఒక్కో మెట్టు అని మా అందరికీ చూపించారు. లెక్కపెట్టమన్నారు. 24 ఉన్నాయి. 35 మిల్లీమీటర్ల ఫిలింలో అడుగుకు 16 బొమ్మలు, సెకనుకు 24 నడుస్తాయి, కాబట్టి మూరెడు ఫిలిం అంటే సరిగ్గా ఒక సెకను అని బోర్డు మీద వేశారు. కాలాన్ని మూరలతో కొలవచ్చని ఆ రోజు తెలిసింది. ‘ఎక్కడిదిరా?’ అని అడిగారు. డేరా వెనక చెత్తలో దొరికిందని చెప్పాను. మీరు భుజం తట్టి, ‘జాగ్రత్తగా దాచుకో’ అన్నారు. దాచుకున్నాను. అబద్ధం కూడా.

అక్కడినుంచి నా బతుకంతా ఆ 24 గడుల వెంటే నడిచింది. ఇంజనీరింగు, తరవాత వీడియో కంప్రెషన్. మీ ఫోన్లో సినిమా ఆగకుండా రావాలంటే ప్రతి బొమ్మనూ పూర్తిగా పంపలేం. ముందు బొమ్మ చూసి తరవాతిది ఊహించి, తేడా మాత్రమే పంపుతాం. కట్ వచ్చిందనుకోండి, ఊహ పూర్తిగా తప్పుతుంది. అప్పుడు యంత్రం ‘ఇది కొత్తది’ అని బొమ్మనంతా మళ్లీ పంపుతుంది. కట్ దానికి తేలిక, ఒక్క దెబ్బలో తెలిసిపోతుంది. డిజాల్వ్ వస్తేనే కష్టం. ప్రతి చుక్కా మారుతూ ఉంటుంది, ఏదీ పూర్తిగా కొత్తది కాదు, ఏదీ పూర్తిగా పాతది కాదు. 2003లో వచ్చిన హెచ్.264 ప్రమాణంలో, వెలుగు ఎంత పాలు తగ్గుతోంది, ఎంత పాలు పెరుగుతోంది అని లెక్కగట్టి ఊహించే ఏర్పాటు ఒకటి చేర్చారు. ఫేడ్‌కూ డిజాల్వ్‌కూ అది బాగా పనికొస్తుంది. దాని మీద నేను మూడేళ్లు పనిచేశాను. పనిచేసినన్నాళ్లూ తెర మీద ఒక మొహంలో ఇంకో మొహం కలిసిన ప్రతిసారీ చిన్నవ్వ గొంతు వినపడేది. యంత్రానికి కట్ తేలిక, డిజాల్వ్ కష్టం. ఆమెకు సరిగ్గా తిరగబడింది. ఎందుకంటే ఆమె చూస్తున్నది బొమ్మను కాదు, పిల్లాణ్ణి. పిల్లాడు పెద్దవాడవడానికి ఎన్ని కావళ్లు మొయ్యాలో ఆమెకు తెలుసు. ఆ మోత కనపడాల్సిన సెకనే నా జేబులో ఉంది.

మా చిన్నవ్వ ఆ తరవాత ఇంకెప్పుడూ సినిమాకు రాలేదు. అవ్వ 1993లో పోయింది. ఆపరేటర్ అన్న కోసం ఉద్యోగం వచ్చాక గిద్దలూరు, కంభం, నంద్యాల హాళ్లలో అడిగాను. డేరాలు పోయాయి, తరవాత ప్రింట్లే పోయాయి, ఇప్పుడు హాలుకు సినిమా ఉపగ్రహం మీదనుంచి దిగుతోంది, అడగడానికి ఆపరేటర్ గదుల్లో పాతవాళ్లు మిగల్లేదు. ఎడమ బొటనవేలి మీద కార్బన్ కాలిన పొడుగాటి మచ్చ ఉంటుంది. ఇప్పుడు డెబ్భై దాటి ఉంటాయి. ఇక్కడ గిద్దలూరు వైపు వాళ్లు చాలామంది ఉన్నారు. ఎవరికైనా తెలిస్తే కార్యదర్శి దగ్గర నా నంబరు ఉంది.

ముక్క ఇదిగో. రంగు పోయి మొత్తం ఎర్రబడింది, ఆ కాలపు కలర్ ప్రింట్ల రాత అంతే. కానీ పిల్లాడూ ఉన్నాడు, పెద్దవాడూ ఉన్నాడు. మాస్టారూ, ఇది మన ల్యాబుకు ఇచ్చేస్తున్నాను. ఎక్కడిదని ఎవరైనా అడిగితే ఈసారి నిజం చెప్పండి. బల్బు కూడా తెచ్చాను, నీళ్లు పోసి. మూల గదిలో కిటికీలు మూయించాం, బయట అద్దం పట్టుకోవడానికి తొమ్మిదో తరగతి పిల్లాడొకడు ఒప్పుకున్నాడు. భోజనాలకు పోయేముందు చూడాలనుకున్నవాళ్లు రండి. పన్నెండు దాటితే ఎండ ఆ కిటికీకి అందదు.